కొండమీది సరస్సు, పలకని పెద్దావిడ

కువైట్‌లో మబ్బు పడితే ఇంట్లో ఎవరూ ఉండరు. ఏడాది పొడవునా తలుపులు వేసుకుని, పరదాలు దించుకుని, ఏసీల కింద బతికే జనం ఆకాశం కాస్త నల్లబడిందంటే చాలు, పిల్లల్నీ చాపల్నీ ఫ్లాస్కుల్నీ బండిలో వేసుకుని ఎడారి దారి పడతారు. నాలుగు చినుకులు రాలితే కారు అద్దాలు దించి చేతులు బయట పెడతారు. మిష్రిఫ్‌లో నేను పనిచేసిన ఇంట్లో అయితే మబ్బు రోజున వంట పక్కన పెట్టి లుఖైమాత్ అని పాకంలో ముంచిన పిండి ఉండలు వేయించేవాళ్ళు. నాకిది వింతగా అనిపించలేదు. నాది రాయచోటి. మా వైపు కూడా మబ్బు లేస్తే జనం వాకిట్లోకొచ్చి మెడలు పైకెత్తి నిలబడతారు. వాన వచ్చేదాకా లోపలికి పోరు. చాలాసార్లు అది రాదు.

ఇది ముందే చెప్పడం ఎందుకంటే, కొండ మీద జరిగినదంతా విని "చదువుకున్నదానివి, మబ్బు కమ్ముతుంటే దిగి రావాలని తెలీదా?" అని నన్ను నిలదీసినవాళ్ళు ఉన్నారు. అందరూ కోస్తావాళ్ళే. కాలవ గట్ల మీద పుట్టినవాళ్ళకి మబ్బంటే ఆరని బట్టలు, మునిగే చేలు. మాకలా కాదు. ఆకాశం నల్లబడితే మా కాళ్ళు వాటంతటవే బయటికి నడుస్తాయి. దీన్ని తెలివితక్కువతనం అంటారా, అనండి. నేను ఒప్పుకోను.

కడపలో బీఏ చదివాను. ఆ డిగ్రీ పెట్టెలో పెట్టుకుని కువైట్ వచ్చి ఒక ముసలావిడకి తోడుగా కుదిరాను. "బీఏ చదివి ఈ పనా?" అని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు ఉంది గానీ, అది మరోచోటి సంగతి. మిష్రిఫ్‌లో ఆ విల్లా పెద్దావిడ భర్త కట్టించినది. ఆయన పోయాక కూతురు తన పిల్లలతో వచ్చి తల్లి దగ్గరే ఉంటోంది. కొడుకు అహ్మదిలో ఆయిల్ కంపెనీ ఇంజినీరు, శుక్రవారాలు భోజనానికి వచ్చేవాడు. నా ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కాగితం, ఆయన పేరు మీద ఉండేది. నాకు పూచీ పడ్డ కఫీల్ ఆయనే. కూతుర్ని పనివాళ్ళందరం మామా అనేవాళ్ళం, అక్కడ ఇంటి యజమానురాలిని పిలిచే మాట అది. పెద్దావిడని మాత్రం నేను ఆవిడ పిల్లల్లాగే యుమ్మా అని పిలిచేదాన్ని, అమ్మా అని అర్థం. అలా పిలవమని మొదట్లోనే ఆవిడే చెప్పింది. "మామాలు ఊరి నిండా ఉన్నారు, నన్ను వాళ్ళలో కలపకు" అంది.

ఆవిడకీ నాకూ పొద్దున్నే ఒక పోట్లాట లేకపోతే చాయ్ దిగేది కాదు. మా రాయచోటి ఎండ ముందు మీ ఎండ ఏపాటిదని నేనంటే, "మీ ఎండలో చెట్లుంటాయట కదా, అది ఎండ ఎట్లా అవుతుంది?" అనేది. అన్నం మెత్తగా ఉందని ఆవిడ, పళ్ళు లేనివాళ్ళకి అంతకంటే గట్టిగా వండితే ఎట్లా అని నేను. నా అరబీ అంతా ఆవిడతో తగువాడి నేర్చుకున్నదే. అందుకే ఇప్పటికీ ఆ భాషలో నాకు మర్యాద మాటల కంటే ఎదురు మాటలు బాగా వచ్చు.

ఎనభై దాటినా ఆవిడ కాళ్ళు గట్టివి. చెవులు ఇంకా గట్టివి. వంటింట్లో నేనూ వంటమనిషీ తెలుగులో గొణుక్కుంటుంటే మేడ మీద నుంచి "నన్నే అంటున్నారు!" అని కేక వేసేది. చాలాసార్లు నిజంగానే ఆవిడనే అనేవాళ్ళం.

కానీ ఒకరోజు నేను బట్టలు ఇస్త్రీ చేస్తుండగా ఆవిడ ఎవరికీ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. అందరం వీధులన్నీ గాలించాం. చివరికి పక్క బ్లాకులో, ఎవరి గోడ నీడనో చెప్పులు విడిచి కూర్చుని కనిపించింది. దారి తప్పిపోయావా అంటే లేదంది. ఎందుకొచ్చావంటే "ఊరికే" అంది. ఆ "ఊరికే" అన్న మాటే కూతురి గుండెల్లో రాయి వేసింది. ఆమె భయం వట్టి భయం కాదు. వాళ్ళ అత్తగారికి మతి తప్పి, ఒక ఆగస్టు మధ్యాహ్నం ఇంట్లోంచి బయటికి నడిచిపోయింది. దొరికేసరికి ఎండ ఆమెని మిగల్చలేదు. అందుకని కూతురు తల్లి ముందే ఖచ్చితంగా చెప్పేసింది. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే పెద్దావిడ పడక కింది గదిలోకి మారుతుంది. గదిలో కెమెరా పెడతారు, తలుపుకి బయట గడియ, పగలూ రాత్రీ నర్సు. పెద్దావిడ ఆ మాట విని కూతురి వైపు చూడలేదు. నా వైపు చూసి "నా ఇంట్లో నా తలుపుకి గడియ బయట పెడతారట" అంది.

కొడుకు సర్దిచెప్పాడు. ముందు వేసవి ప్రయాణం కానివ్వండి, చల్లటి చోటు చూస్తే అమ్మ మనసు కుదుటపడుతుంది అన్నాడు.

ఆ వేసవి టర్కీ. నల్ల సముద్రం వైపు కొండలు. కువైట్‌వాళ్ళకి ఆ కొండలంటే మహా ఇష్టం. ఎంత ఇష్టమంటే, మేము దిగిన ఊళ్ళో ఒక సరస్సు, దాని చుట్టూ హోటళ్ళు, హోటళ్ళ నిండా మా మిష్రిఫ్‌వాళ్ళే. అంగళ్ళ మీద అరబీ బోర్డులు, వీధి చివర మచ్బూస్ అనే మన బిర్యానీ లాంటి మాంసం అన్నం వండే హోటలు. పెద్దావిడ బాల్కనీలో నిలబడి కిందికి చూసి, "ఆ పసుప్పచ్చ కారు దిగుతున్నవాళ్ళు మన వెనక వీధివాళ్ళు. వీళ్ళని చూడ్డానికి విమానం ఎందుకు, జమియాకి పోతే సరిపోయేది" అంది. జమియా అంటే మా పేటలో సరుకుల సహకార దుకాణం.

మా వ్యాను డ్రైవరు అక్కడివాడు. కొంచెం అరబీ వచ్చు. పైన, చెట్లు కూడా మొలవనంత ఎత్తులో ఇంకో సరస్సు ఉందని, అక్కడ హోటలు కాదు గదా కరెంటు స్తంభం కూడా లేదని మాటల్లో అన్నాడు. అంతే, ఆవిడ పట్టు పట్టింది. కూతురు వద్దంది. కొడుకు అటూ ఇటూ ఊగాడు. నేను మధ్యలో దూరాను. "ఆవిడ కాళ్ళకేమైంది? కళ్ళకేమైంది? మీరు సరస్సు చూపిస్తామని తెచ్చి జనాన్ని చూపిస్తున్నారు" అన్నాను. కూతురు నా వైపు చూసి, "నువ్వు అమ్మకి తోడువా, వకీలువా?" అంది.

"రెండిటికీ కలిపి ఒక్క జీతమే కదా ఇస్తున్నారు, మామా."

కొడుకు నవ్వేశాడు. ఆ నవ్వుతో ప్రయాణం ఖాయమైంది.

పొద్దున్నే వ్యాను ఎక్కాం. కొండ పక్కల అడవి ఎంత చిక్కగా ఉందంటే, ఆకులు తప్ప నేల కనబడదు. తర్వాత చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత పొదలయ్యాయి, ఆ పైన గడ్డి ఒక్కటే. వేసవిలో ఆవుల్ని పైకి తోలుకొచ్చే పశువులవాళ్ళ రాతి గుడిసెలు నాలుగు కనిపించిన చోట దారి ఆగిపోయింది. అక్కడ గుర్రాన్ని అద్దెకి తీసుకుని పెద్దావిడని ఎక్కించారు. ఎక్కించడానికి ముగ్గురు సాయం పట్టబోతే చేతులు విదిలించి, బండ మీదికెక్కి తనే కూర్చుంది. వంటమనిషిది కోనసీమ, ఆమె పిల్లల సంచులు మోస్తూ నా వెనక నడిచింది. వయసులో నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"ఇంత పైకెందుకక్కా? నీళ్ళు కిందుండాలి గానీ కొండెక్కి కూర్చుంటాయా ఎక్కడన్నా?"

"నువ్వు కాలవ పక్కన పుట్టినావు కాబట్టి నీళ్ళు నీ కాళ్ళ దగ్గరికి వచ్చినాయి. మేము ఎతుక్కుంటా పోవాల్సిందే. నడుమే గమ్మున."

"మీరు ఎతుక్కోండక్కా. మజ్జిలో నా మోకాళ్ళేం చేసేయి?"

చివరి మలుపు తిరిగాక సరస్సు ఒక్కసారిగా ఎదురొచ్చింది. మెల్లగా కనబడటం లేదు, ముందు ఒక ముక్క తర్వాత ఒక ముక్క అని లేదు. మూడు వైపులా నిటారుగా రాతి గోడలు, మధ్యలో నీళ్ళు.

కేలండర్లలో చూసే నీలం కాదు. నలుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. అంచున రాళ్ళు నీటిలో లోపలికంటా దిగిపోవడం కనిపిస్తుంది, ఒక చోట హఠాత్తుగా కనబడటం మానేస్తుంది. ఎండ తగలని వైపు కొండ మడతల్లో వేసవిలో కూడా మంచు మిగిలే ఉంది. తెల్లగా లేదు, మట్టి కొట్టుకుని, పాత పరుపు చిరిగి దూది బయటపడినట్టుంది. ఆ మంచు కింద నుంచి ఒక వాగు రాళ్ళ మీద గట్టిగా చప్పుడు చేస్తూ సరస్సులో పడుతోంది. బండలు చూస్తే మా రాయచోటి బండలే గుర్తొచ్చాయి, అంతే గుండ్రం, అంతే మొండి. కాకపోతే ఇవి తడిసి ఉన్నాయి. వాటి పగుళ్ళలో వేలెడంత మొక్కలకి పసుపు పూలు.

నాకు ఒక సంగతి తట్టి అలాగే నిలబడిపోయాను. కువైట్‌లో మనిషి తెచ్చి పెట్టనిది ఏదీ లేదు. చెట్టు తెచ్చి నాటిందే, దాని కింద మట్టి తెచ్చి పోసిందే, తాగే నీళ్ళు సముద్రాన్ని కాచి చేసినవే. నన్ను కూడా తెచ్చి పెట్టారు. ఇక్కడ మనిషి చేతి పని ఒక్కటీ లేదు. ఆ సరస్సుకి మేము వచ్చామని తెలీదు. మేము పోయినా తెలీదు. అది నాకు గొప్పగా అనిపించింది అని రాస్తే అబద్ధం. కొంచెం భయం వేసింది.

పెద్దావిడ గుర్రం దిగి నీటి దగ్గరికి పోయి నిలబడింది.

"ఎవరిది ఇది?" అంది.

"ఎవరిదీ కాదు యుమ్మా."

"అబద్ధం చెప్పకు. నీళ్ళు ఎవరివో ఒకరివి అయ్యుండాలి."

ఆవిడ చిన్నతనంలో కువైట్‌లో తాగేనీళ్ళు ఓడల్లో వచ్చేవి. ఉత్తరాన నది సముద్రంలో కలిసే చోటికి పోయి నింపుకొచ్చే ఆ ఓడల మీదే వాళ్ళ నాన్న పనిచేశాడు. ఈ సంగతి నాకు ముందు తెలుసు. కానీ ఆ రోజు చెప్పింది మాత్రం అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. "చిన్నప్పుడు ఒకసారి తోలుతిత్తి చేజారి నీళ్ళన్నీ ఇసుకలో పోయాయి. మా అమ్మ కొడుతుందని నక్కి కూర్చున్నాను. కొట్టలేదు. ఆ తడి మీద చేయి పెట్టి ఏడ్చింది. కొట్టినా బాగుండేది."

కొడుకు ఒడ్డుకి కాస్త పైన, గడ్డి మీద చాప పరిచాడు. ఎడారిలో డేరా వేసుకుని కూర్చున్నట్టే అన్నీ అమర్చారు. కాఫీ కూజా, ఖర్జూరాలు, చిన్న గ్యాసుపొయ్యి, చాయ్ కెటిలు. పిల్లలు రాళ్ళు విసురుతుంటే ఆ చప్పుడు మూడు గోడలకీ కొట్టుకుని తిరిగొచ్చేది. అప్పుడు లేచింది మబ్బు.

పై నుంచి కాదు, కింది నుంచి. లోయలోంచి తెల్లగా, పొయ్యి మీద పాలు పొంగినట్టు పైకొస్తోంది. దాని వెనక ఆకాశం నల్లబడింది. డ్రైవరు లేచి, కింది వైపు చేయి చూపించి, "దిగాలి, ఇప్పుడే దిగాలి" అన్నాడు. ఎవరు వింటారు? కొడుకు ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. "వాన! వాన వస్తోంది! యల్లా, ఇంకో చాయ్ పెట్టండి" అన్నాడు. పిల్లలు గెంతారు. కూతురు, అంతసేపూ ముడుచుకుని కూర్చున్న మనిషి, తల మీద గుడ్డ సర్దుకుని ముఖం పైకెత్తి కళ్ళు మూసుకుంది. నేను? నేనూ లేచి నిలబడ్డాను. తడిమట్టి వాసన ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. మా అందరిలో కాళ్ళు వెనక్కి లాగింది ఒక్క కోనసీమ ఆమెకే.

"అక్కా, ఇదేం బాగోలేదు. డ్రైవరు మాట ఇనండి. ఎల్లిపోదాం."

"ఆ డ్రైవర్ని తోడు తీసుకుని నువ్వు పో. వాన చూడ్డానికి భయమా?"

"వాన కాదక్కా. తుఫాన్లు సూసినోళ్ళం. ఎదురుగా ఏటుందో కనపడకపోతే అప్పుడు తెలుత్తాది."

చలేస్తోంది, శాలువా కావాలి అంది పెద్దావిడ. అది గుర్రం జీను సంచిలో ఉంది. గుర్రం కొంచెం కింద బండకి కట్టేసి ఉంది. నేను దిగి వెళ్ళాను. సంచి ముడి విప్పి తల ఎత్తేసరికి ఎదురుగా సరస్సు లేదు. కొండ లేదు. నా చేతిలో శాలువా ఉంది, గుర్రం మెడ ఉంది, అంతే. తెలుపు కూడా ఇంత గుడ్డితనంగా ఉంటుందని నాకు తెలీదు. మాటలు వినబడిన వైపు తడుముకుంటూ ఎక్కాను. చాప దొరికింది, పొయ్యి దొరికింది, మనుషులు దొరికారు. పెద్దావిడ లేదు.

"అమ్మ నీతో రాలేదా?" అంది కూతురు.

"మీ దగ్గరే వదిలి పోయాను కదా!"

ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా పిలవడం మొదలుపెట్టారు. డ్రైవరు ఎవర్నీ కదలొద్దని అరిచాడు. ఒడ్డు రాళ్ళు జారుడు, ఒక్క అడుగు తప్పితే నీళ్ళు, ఆ నీళ్ళలో ఈత వచ్చినవాళ్ళు కూడా కాసేపే అన్నాడు. వాన కాదు, సన్నని మంచు ముక్కలు ముఖానికి తగులుతున్నాయి. కూతురు "యుమ్మా, యుమ్మా" అని పిలుస్తున్న పిలుపు రానురానూ ఏడుపైపోయింది. నాకు ఒక ఆలోచన వచ్చింది. పిలిస్తే పలకకపోవచ్చు గానీ, నేను తిడితే ఊరుకోదు. గొంతు చించుకుని అరిచాను. "యుమ్మా! మీ ఎండ ఒక ఎండ కాదు, మీ చలి ఒక చలి కాదు! నీకంటే మా ఊరి ముసలమ్మలు నయం!" అరిచి ఆగాను. కొండ గోడలు నా మాటనే నాకు తిరిగిచ్చాయి. ఆవిడ నుంచి జవాబు లేదు. నేను నిజంగా భయపడింది అప్పుడే.

నీళ్ళని ఎడమ చేతి వైపు ఉంచుకుని, వంగి, రాళ్ళు తడుముకుంటూ ఒడ్డు వెంట పోయాను. నీళ్ళు ఎడమ వైపే ఉన్నంతసేపూ తప్పిపోను అని నాకు నేను చెప్పుకుంటూ. వాగు చప్పుడు దగ్గరైంది. దాని పక్కన ఒక పలక రాయి మీద ఆవిడ కూర్చుని ఉంది. మేజోళ్ళు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పాదాలు నీళ్ళలో లేవు, పక్కన ఉన్నాయి. కుడి చేయి మాత్రం మణికట్టు దాకా సరస్సులో ఉంది.

శాలువా కప్పి, కోపం పట్టలేక అడిగాను.

"వినబడలేదా నీకు?"

"వినబడింది. నీ ఊరి ముసలమ్మల సంగతి కూడా వినబడింది."

"మరి పలకలేదేం?"

"పలికితే వస్తారు కదా."

అంత మామూలుగా అంది. దారి తప్పిన మనిషి గొంతు కాదు, మతి తప్పిన మనిషి గొంతు కాదు. పొద్దున్న చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పే గొంతు.

"కూర్చో" అంది. "మాట్లాడకుండా కూర్చోగలిగితేనే."

మబ్బులోంచి కూతురి ఏడుపు వినబడుతోంది. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. "మామా ఏడుస్తోంది యుమ్మా" అన్నాను. ఆవిడ కళ్ళు తిప్పలేదు. "తెలుసు. పాపం. పుట్టినప్పటి నుంచీ నన్ను ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. మా నాన్న, నా మొగుడు, పిల్లలు, నువ్వు. ఇప్పుడు దేవుడు తప్ప ఎవరూ చూడటం లేదు. కాసేపు ఉండనీ."

ఆవిడ చెప్పినట్టు కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు, ఎక్కువసేపు మాత్రం కాదు. ఆ కాస్త సేపట్లో నేను విన్నవి వాగు చప్పుడు, రాళ్ళ మీద మంచు రాలే చప్పుడు, ఒక తల్లి కోసం కూతురి ఏడుపు. మూడోది నన్ను లోపల కోస్తూనే ఉంది. అయినా లేవలేదు. పన్నెండు మంది ఉన్న ఇంట్లో పుట్టి, హాస్టల్లో చదివి, ఎవరి ఇంట్లోనో ఎవరి మంచం పక్కనో ఇన్నేళ్ళు పడుకున్న నేను, నన్ను ఎవరూ చూడని చోటు ఎలా ఉంటుందో ఆ రోజే తెలుసుకున్నాను. తర్వాత లేచి, "దొరికింది! ఇక్కడుంది!" అని అరిచాను. ఆవిడ చేయి నీటిలోంచి తీసి ముఖానికి రాసుకుని మేజోళ్ళు తొడుక్కుంది.

మబ్బు కొంచెం పలచబడగానే పశువులవాళ్ళ గుడిసెకి దిగాం. ఆ ఇంటామె పొయ్యి రాజేసి, మేము ఏమీ అడగకుండానే వేడి పాలు ఇచ్చింది. పెద్దావిడ పొయ్యి పక్కన కూర్చుంది. కూతురు ఆమె పాదాలు రెండు చేతులతో రుద్దుతూ, ఏడ్చి వాచిన కళ్ళతో తల్లినే చూస్తోంది.

"యుమ్మా, మేము పిలిచింది వినబడలేదా?"

పెద్దావిడ పాల గ్లాసు ఎత్తి ఊదుకుంది.

"నీ చెవులు నాకు తెలుసు. వినబడలేదా, విని పలకలేదా?"

ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పెద్దావిడకీ తెలుసు. విన్నానంటే కింది గది, కెమెరా, బయట గడియ. దారి తప్పానన్నా అవే. ఆవిడ పాల గ్లాసు మీదుగా నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. ఏం చెబుతావో చెప్పు అన్న చూపు.

"నేనే తీసుకుపోయాను, మామా" అన్నాను. "నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటానంది. వాగు దగ్గర నీళ్ళు బాగున్నాయని అక్కడ కూర్చోబెట్టి, నేను వచ్చేదాకా కదలొద్దని చెప్పి శాలువా కోసం పోయాను. మబ్బు కమ్మాక కూడా చెప్పిన చోటే కూర్చుంది. వాగు చప్పుడులో మీ పిలుపు ఆమెకి వినబడలేదు."

"మాకు చెప్పకుండా తీసుకుపోయావా?"

"అవును."

"ఆ నీళ్ళ పక్కన ఒంటరిగా వదిలేశావా? వదిలేసి, మా దగ్గరే ఉంచానని నా ముఖం మీద అబద్ధం చెప్పావా?"

"భయపడి చెప్పాను."

కోనసీమ ఆమె నోరు తెరిచింది. నేను ఒంటరిగా గుర్రం వైపు దిగడం ఆమె చూసింది. నేను ఆమె వైపు ఒక్క చూపు చూశాను, మూసుకుంది. కొడుకు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. వ్యానుకి నడిచేటప్పుడు కోనసీమ ఆమె నా పక్కకొచ్చి, "ఏంటక్కా అది? గాలితో కూడా దెబ్బలాడే మనిషి, సెయ్యని తప్పుకి తలూపేసేరు. నోరు ఎవరికన్నా అరువిచ్చేరేంటి?" అంది.

"ముందు చూసి నడుమే. రాళ్ళు జారతాండాయి."

కువైట్ చేరాక కూతురు ఒక్క మాటే అంది. "ఖలాస్." ఆ మాట అనడానికి ఆమెకి హక్కుంది, ఇప్పటికీ అంటాను. తల్లిని చావు అంచున వదిలిన మనిషిని ఎవరు ఉంచుకుంటారు? కొడుకు నన్ను ఊరికి పంపలేదు. అదే మిష్రిఫ్‌లో, తనకి తెలిసిన ఇంకో ఇంటికి ఇఖామా మార్పించాడు. వెళ్ళే రోజు నాతో "తప్పు నీది, అమ్మది కాదు. ఆ మాట మా చెల్లెలికి చెప్పాను. అమ్మ మేడ మీద తన గదిలోనే ఉంటుంది" అన్నాడు. అంతా తెలిసే అన్నాడో, తెలియకుండా అన్నాడో నాకు అర్థం కాలేదు. పెద్దావిడ నమాజులో ఉంది. ముగిసేదాకా వరండాలో నిలబడ్డాను. ముగించలేదు. ఒకదాని తర్వాత ఒకటి చదువుతూనే ఉంది. బండి హారన్ కొడితే వచ్చేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి జమియాలో వాళ్ళు ఎదురయ్యారు. కూతురు ట్రాలీ తోస్తోంది, వెనక కొత్త తోడుమనిషి. పెద్దావిడ వాళ్ళకి కొంచెం ముందు, ఎవరి చేయీ పట్టుకోకుండా నడుస్తోంది. నేను మా కొత్త మామాతో పెరుగు డబ్బాల దగ్గర ఉన్నాను. పెద్దావిడ నన్ను చూసి ఆగింది. నాలో ఏదో పొంగింది, సలాం చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి కొత్త మనిషితో, జమియా అంతా వినబడేట్టు అంది.

"ఈమెని చూడు. ఈమే నన్ను కొండ మీద, మంచులో, నీళ్ళ పక్కన వదిలేసి పోయింది. ముసలిదాన్ని వదిలేసి పోయింది. నువ్వు ఇలా చేయకు."

కూతురు సిగ్గుపడి చూపు తిప్పుకుంది. నేను పెద్దావిడ ముఖంలో వెతికాను. ఒక్క కనుబొమ్మ కదలిక, పెదవి చివర ఒక గీత, మా ఇద్దరికే తెలిసిన ఏదైనా గుర్తు. లేదు. ఆ కళ్ళలో నా మీద కోపం నిజంగానే ఉంది.

ఆవిడ నటించిందా? నటనే అయితే అంత గట్టి మనిషిని నేను చూడలేదు, నేను చెప్పిన అబద్ధాన్ని నా మీదే నిలబెట్టి తన గదిని కాపాడుకుంది. లేక ఆ పలక రాయి, ఆ మాటలు, చేయి నీళ్ళలో ఉంచిన ఆ కాస్త సేపు, అన్నీ చెరిగిపోయి నా అబద్ధమే ఆవిడకి నిజమైపోయిందా? అదే అయితే కూతురు మొదటి నుంచీ చెప్పింది సరి, నేను అడ్డుపడి ఆ ఇంట్లో ఎవరికీ మేలు చేయలేదు. రెండు వైపులా నేనే వకీలుగా నిలబడి వాదించుకుంటూనే ఉన్నాను. ఏ వైపూ గెలవడం లేదు.

మా కొత్త మామా అక్కడే నిలబడి అంతా విన్నది. వాళ్ళ ఇంట్లో నేను చూసుకునేది ఆమె మామగారిని, మంచం మీది మనిషి.

"ఆవిడ చెప్పింది నిజమేనా?" అంది.

పెద్దావిడ అప్పటికి రొట్టెల వైపు మలుపు తిరుగుతోంది, ఒంటరిగా, కర్ర కూడా లేకుండా. కూతురు తొందరపడి ట్రాలీ తోస్తోంది గానీ చేయి పట్టుకోబోవడం లేదు.

"నిజమే, మామా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కాదంటే ఆ మాట కూతురి దాకా పోతుంది, పెద్దావిడ తలుపుకి మళ్ళీ బయట గడియ వస్తుంది.